ఆదివారం బెంచీ: మాజీ సైనికుల ప్రశ్నలు, వైద్యుని జవాబులు

దీపావళి రాత్రి టపాసుల మోతకు తలుపులు బిగించుకుని గదిలో కూర్చుండిపోయే ఒక మాజీ సైనికుని గురించి కిందటి సంచికలో రాసిన జవాబు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచే వచ్చాయి. వీధికొకరైనా మిల్ట్రీలో పనిచేసి వచ్చిన ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు. పేర్లు, ఊళ్ల ఆనవాళ్లు తీసివేసి నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగినవారు ఇప్పటికే ఒక మంచి పని చేస్తూ, దాన్ని మానేయాలేమోనని భయపడుతున్నారు.

ప్రశ్న: మేము ఆరుగురం మాజీ సైనికులం, గజపతినగరం చుట్టుపక్కల గ్రామాలవాళ్లం. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఒక టీ కొట్టు వెనకనున్న బెంచీల మీద కూర్చుంటున్నాం. మొదట పెన్షను కాగితాలు నింపుకోవడానికి కలిశాం. కాగితాల పని అయిపోయింది కానీ కలవడం ఆగలేదు. మాలో ఒకరు శ్రీలంక వెళ్లి వచ్చారు, ఇద్దరు కార్గిల్‌లో ఉన్నారు, ఒకరు సియాచిన్‌లో, మిగిలిన ఇద్దరం కాశ్మీరులో పనిచేశాం. ఈ మధ్య ముప్పై ఎనిమిదేళ్ల తమ్ముడొకడు మా దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. గస్తీలో తన పక్కనే నడుస్తున్న బడ్డీని పోగొట్టుకున్నవాడు. మూడో వారం మేమే అతన్ని ‘లోపల పెట్టుకోకు, చెప్పేస్తే బరువు దిగిపోతుంది’ అని బలవంతపెట్టాం. గంటసేపు చెప్పాడు. ఆ తర్వాత మూడు రాత్రులు కన్ను మూయలేదట. రెండు ఆదివారాలుగా రావడం లేదు. మేము చేసింది తప్పా? డాక్టర్లు చేయవలసిన పనిలో వేలు పెట్టామా? మానేయమంటే మానేస్తాం.

జవాబు: మానేయకండి. బలవంతపెట్టడం పొరపాటే, కానీ సరిదిద్దుకోగలిగిన పొరపాటు. అదే పొరపాటు నేనూ చేశాను కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. వైద్యం మొదలుపెట్టిన తొలి రోజుల్లో నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన చేత మొదటి రోజునే అంతా చెప్పించాను. ఆయన చెప్పారు, కళ్లు తుడుచుకున్నారు, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఆ రోజు నాకు అదొక విజయంలాగే అనిపించింది.

చెప్పేస్తే బరువు దిగిపోతుందన్న నమ్మకం మన ఊళ్లలోనే కాదు, వైద్యులలోనూ చాలాకాలం ఉండేది. ప్రమాదమో దాడో జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్కసారే చెప్పించే పద్ధతిని ఎన్నో దేశాల్లో శ్రద్ధగా పాటించారు. తరువాత లెక్కలు తీసి చూస్తే దానివల్ల పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తరువాత వదలకుండా వెంటాడే మానసిక జబ్బు) రాకుండా ఆగలేదని తేలింది, కొందరిలో బాధ ఇంకా ముదిరినట్టు కూడా కనిపించింది. అలా ఒక్క విడతలో చెప్పించడాన్ని నిత్య పద్ధతిగా వాడవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2005లోనే చెప్పాయి. శిక్షణ పొందినవారు చేసే చికిత్సలోనూ ఆ జ్ఞాపకం గురించి మాట్లాడతారు కదా అని మీరు అడగవచ్చు. మాట్లాడతారు. అయితే అక్కడ మనిషి ముందుగా నిద్రనూ ఊపిరినీ అదుపులోకి తెచ్చుకోవడం నేర్చుకుంటాడు, ఎంత చెప్పాలో ఎక్కడ ఆపాలో తానే నిర్ణయించుకుంటాడు, అదే సంఘటనను వారాల తరబడి మెల్లగా తిరిగి చూస్తాడు. లోతైన బావిలోకి మెట్లు దిగేవానికీ వెనక నుంచి ఎవరో తోస్తే పడేవానికీ ఉన్నంత తేడా ఈ రెండింటికీ ఉంది.

కనుక ఈ వారమే మీలో ఒకరు, ఒక్కరే, ఆ తమ్ముడి ఇంటికి వెళ్లండి. ఆరుగురూ వెళితే అది పరామర్శలా ఉంటుంది. జరిగినదాని గురించి మళ్లీ అడగవద్దు. ‘ఆ రోజు మేము తొందరపెట్టాం, అలా చేయకుండా ఉండాల్సింది’ అని ఒక్క మాట చెప్పి, పొలం గురించో పిల్లల చదువు గురించో మాట్లాడి, ఆదివారం బండి మీద వచ్చి తీసుకెళ్తానని చెప్పండి. అతను వచ్చి టీ తాగి ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోతే ఆ ఆదివారం వృథా అయిందని అనుకోకండి. మీ బెంచీ చేస్తున్న మేలు చాలావరకు ఆ మాట్లాడని గంటలోనే ఉంది. మెటల్ క్వారీలో బ్లాస్టింగు మోగినప్పుడు తనొక్కడే కాదు, పక్కనున్న నలుగురూ ఉలిక్కిపడ్డారని కళ్లారా చూసినవాడు, నాకు పిచ్చి పడుతోందేమోనన్న భయాన్ని సగం అక్కడే వదిలేసి ఇంటికి వెళతాడు. నా గదిలో ఎంత చెప్పినా నేను ఇవ్వలేనిది అదే.

డాక్టర్ల పనిలో వేలు పెట్టామా అని అడిగారు కనుక ఒక పాత సంగతి చెప్పాలి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అమెరికన్ సైనికులు కొందరు 1970 చివర్లో న్యూయార్క్‌లో వారానికొకసారి తమలో తాము కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ఆసుపత్రుల మీద వారికి నమ్మకం లేదు. రాబర్ట్ లిఫ్టన్, ఛైమ్ షాటన్ అనే ఇద్దరు మానసిక వైద్యులను వాళ్లే పిలిచారు, అదీ పైన కూర్చుని వైద్యం చేసేవారిగా కాదు, వలయంలో ఒకరిగా కూర్చునే షరతు మీద. ఆ కూర్చోవడాల్లో బయటపడిన సంగతులు 1980లో పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కడానికి తోడ్పడ్డాయి. అంతకు ఏడాది ముందే, 1979లో, ఆసుపత్రులతో సంబంధం లేకుండా వీధుల్లో మామూలు గదులు అద్దెకు తీసుకుని, చాలాచోట్ల మాజీ సైనికులనే సలహాదారులుగా పెట్టి నడిపే కేంద్రాలను అక్కడి ప్రభుత్వం తెరిచింది. అంటే మీరు మా పనిలో వేలు పెట్టడం కాదు, మేమే మీవంటివారి దగ్గర పని నేర్చుకున్నాం.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఇంకొకటి ఉంది. శ్రీలంక, కార్గిల్, సియాచిన్ అని వరుసగా రాశారు. మీ బెంచీ మీద ఈ మూడింటికీ ఒకే ఎత్తు ఉందా? కార్గిల్ యుద్ధాన్ని 1999లో దేశమంతా టీవీలో చూసింది. జూలై 26 వచ్చిందంటే బడిలో జెండా దగ్గరకు పిలిచి శాలువా కప్పుతారు. శ్రీలంకకు 1987లో వెళ్లి 1990 మార్చి నాటికి తిరిగి వచ్చిన శాంతి దళం మాటేమిటి? వెయ్యి మందికి పైగా జవాన్లను అక్కడ పోగొట్టుకుని వస్తే, మద్రాసులో స్వాగత సభకు నాటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. రాజకీయం ఎవరిది ఒప్పన్నది ఈ శీర్షికకు సంబంధించిన విషయం కాదు. అయితే యుద్ధం ఎంత గాయపరుస్తుందో, తిరిగి వచ్చినవాడిని ఊరు ఎలా చూసిందన్నది కూడా అంతే గాయపరచగలదని మాత్రం వైద్యునిగా చెప్పగలను. నా దగ్గరకు వచ్చే శ్రీలంక వారు సాధారణంగా ‘మాదేముందిలెండి’ అని మొదలుపెడతారు. మీ పెద్దాయన అలా అంటున్నారేమో ఒకసారి గమనించండి. అలాగే తుపాకీ పేల్చకుండా సర్వీసు ముగించి, మంచులో వేళ్లు పోగొట్టుకున్నవాడో, శవపేటికలను బండిలోకి ఎక్కించే పని చేసినవాడో మీ దగ్గరకు వస్తే, నువ్వు ఏ యుద్ధంలో ఉన్నావు అన్న ప్రశ్నతో అతన్ని ఆహ్వానించవద్దు.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా ఉన్నట్టుండి చూపు నిలిచిపోయి, ఆ కొండ మీదకే వెళ్లిపోయినట్టు కనిపిస్తే వెనక నుంచి భుజం పట్టుకోకండి. ఎదురుగా, కాస్త ఎడంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. ‘ఇవాళ ఆదివారం, మనం గజపతినగరంలో ఉన్నాం, అదిగో సాలూరు బస్సు వస్తోంది’ అని మామూలు గొంతుతో చెప్పండి, కాళ్లు నేలకు ఆనించమనండి, చల్లటి నీళ్ల గ్లాసు చేతికివ్వండి. కొన్ని నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకున్నాక ఏమైందని విచారణ చేయవద్దు. ఇంటి దాకా ఒకరు తోడు వెళితే చాలు.

ఇక మీ చేతిలో లేని సంగతి. పీడకలలు, ఉలికిపాటు, మనుషులను తప్పించుకోవడం, కోపం, ఇవి నెలకు పైబడి ఉండి పనినీ ఇంటినీ చెడగొడుతుంటే వైద్యుని చూడాలి. ఆ తమ్ముడి విషయంలో నిద్ర ఈ పాటికి కుదుటపడకపోతే ఇప్పుడే చూపించండి. ఈ జబ్బుకు చికిత్స ఉంది. శిక్షణ పొందినవారు చేసే మాటల చికిత్సతో చాలామందికి గుణం కనిపిస్తుంది. సెర్ట్రలీన్ వంటి మందులు నాలుగు నుంచి ఆరు వారాలకు పని చూపిస్తాయి, కనుక పది రోజులకే ‘పని చేయలేదు’ అని ఆపేయకూడదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నిద్రమాత్ర ఈ జబ్బును నయం చేయదు, పైగా అలవాటవుతుంది, మద్యంతో కలిస్తే ప్రాణం మీదకు తెస్తుంది. మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అంటే 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్, కార్డు ఉన్నవారికి పాలీక్లినిక్ వైద్యాధికారి రెఫరల్ రాస్తే నిపుణుని దగ్గరకు వెళ్లవచ్చు. ఇక్కడ మీరు చేయగలిగిన పెద్ద సాయం ‘డాక్టరు దగ్గరకు వెళ్లు’ అని చెప్పడం కాదు, ‘మంగళవారం నేనూ వస్తాను, పద’ అని బండి తీయడం. నా దగ్గరకు వచ్చిన మాజీ సైనికులలో ఒంటరిగా వచ్చినవారు తక్కువ. తోడు వచ్చినవారిలో భార్యల తరువాత స్థానం పాత సహచరులదే.

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా ఆయన హవల్దారుగా రిటైరయ్యారు. వారానికోసారి తన పాత స్నేహితుల దగ్గరకు వెళ్లి నవ్వుతూ మాట్లాడతారట. ఇంటికొచ్చాక నాతో ఒక్క ముక్క చెప్పరు. క్యాంటీన్ నుంచి తెచ్చిన రమ్ము రోజూ రాత్రి తాగనిదే ‘నిద్దరట్టదు’ అంటారు. ఒకసారి కలవరిస్తుంటే తట్టి లేపబోయాను, నా గొంతు పట్టుకున్నారు. మెలకువ వచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ రోజు నుంచి పెరట్లో నులక మంచం మీద పడుకుంటున్నారు. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన నేను ఆయనకు పరాయిదాన్నా?

జవాబు: కాదమ్మా. ఆయన పెరట్లో పడుకుంటున్నది మీమీద ప్రేమ లేక కాదు, తన చేతులంటే తనకే భయం పట్టుకుని. మీతో చెప్పకపోవడానికి కూడా చాలామంది ఇచ్చే కారణం ఇలాంటిదే: తాను చూసినదీ చేసినదీ మీ కళ్ల ముందు పెడితే, మీరు తనను చూసే చూపు మారిపోతుందని. స్నేహితుల దగ్గర ఆ భయం లేదు, వాళ్లకు అన్నీ ముందే తెలుసు. అందువల్ల ఆయన అక్కడ నవ్వడాన్ని మీ ఓటమిగా తీసుకోవద్దు. ‘ఏం జరిగిందో చెప్పండి’ అని అడగడం మానేసి, ‘రాత్రి నిద్ర ఎలా ఉంది’ అని మాత్రం అడుగుతూ ఉండండి. ఈ ప్రశ్నకు జవాబివ్వడం సులభం, అక్కడి నుంచి మాట ఎప్పుడో ఒకప్పుడు ముందుకు సాగుతుంది.

కలవరిస్తున్నప్పుడు తట్టి లేపకండి. మంచానికి నాలుగడుగుల దూరంలో, కాళ్లవైపు నిలబడి, దీపం వేసి, పేరు పెట్టో ఇంట్లో పిలిచే పిలుపుతోనో పిలవండి. నిద్రలో జరిగినది ఆయన తెలిసి చేసినది కాదు. కానీ మెలకువలో, కోపంలో చెయ్యి చేసుకుంటే అది వేరు. దాన్ని యుద్ధం ఖాతాలో వేసి మీరు ఓర్చుకోవలసిన అవసరం లేదు, మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేసే హక్కు మీకుంది.

రమ్ము సంగతి. మద్యం నిద్రను తొందరగా తెస్తుంది, తెల్లవారుజామున దాన్నే చెడగొడుతుంది, పీడకలలు ఎక్కువవుతాయి, మరునాడు మరికొంచెం ఎక్కువ పోయాల్సి వస్తుంది. అయినా రోజూ గట్టిగా తాగే మనిషి చేత ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించకండి. మానేసిన రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్సు, మతి తప్పి మాట్లాడటం వంటివి వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని పర్యవేక్షణలో తగ్గించాలి. ఆయన స్నేహితులలో మీకు చనువున్న వారెవరైనా ఉంటే, ‘అన్నయ్యా, మీరు కలిసే చోట సీసా తెరవకండి’ అని నేరుగా అడగండి. ఇది ఆ స్నేహితులు కూడా చదువుతారనే ఆశతో కాస్త కటువుగా రాస్తున్నాను: సీసా చుట్టూ కూర్చునే కూటం మద్దతు కూటం కాదు. అక్కడ నవ్వులుంటాయి, కథలుంటాయి, ఏ ఒక్కరూ బాగుపడరు.

మీకూ ఒక బెంచీ కావాలి. ఆ హవల్దారు స్నేహితులకు భార్యలున్నారు కదా, వారిలో ఇద్దరినైనా మీరు పలకరించండి. పెరట్లో నులక మంచం మీ ఒక్క ఇంట్లోనే లేదని తెలుసుకుంటారు.

ప్రశ్న: మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లినట్టు తెలిస్తే పెన్షను ఆగిపోతుందని మా ఊళ్లో అంటున్నారు. డీఎస్సీకి ప్రయత్నిస్తున్నాను, అది పోతుందా?

జవాబు: మంజూరైన సర్వీసు పెన్షను చికిత్స చేయించుకున్నందుకు ఆగదు. డీఎస్సీ (ఉపాధ్యాయుల డీఎస్సీ కాదు, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) మాట వేరు. అందులో చేరడానికి వైద్య పరీక్షలో తగినవారిగా తేలాలి, కనుక మీ భయానికి ఆధారం లేదని అబద్ధం చెప్పను. కానీ జబ్బును దాచి, తుపాకీ చేతపట్టి, నిద్రలేని కళ్లతో రాత్రి కాపలా కాయడం మీకే మంచిది కాదు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. సర్వీసులో ఉండగానే వచ్చిన జబ్బుతో బయటికి పంపి ఉంటే వైకల్య పెన్షను గురించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. చేరేటప్పుడు లేని జబ్బు సర్వీసులో వస్తే, అది సర్వీసు వల్ల వచ్చినది కాదని నిరూపించవలసిన భారం సైనికుని మీద కాదు, యజమాని మీదే ఉంటుందని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

ప్రశ్న: పాత రెజిమెంటు స్నేహితుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ‘ఇక చాలురా’ అని పెట్టేశాడు. పొద్దున్న మళ్లీ మామూలుగానే మాట్లాడాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? ఆ మాట అడిగితే లేనిపోని ఆలోచన కలిగించినట్టవుతుందేమో?

జవాబు: అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని ఆ మాటతోనే అడగండి. ఔనంటే ఉపదేశం చేయకండి, పిల్లల ముఖం చూడమని అనకండి. ఎక్కడున్నాడో, ఒంటరిగా ఉన్నాడో, ఏదైనా దగ్గర పెట్టుకున్నాడో అడిగి తెలుసుకోండి, ఫోన్ పెట్టేయకుండా మాట్లాడుతూ ఇంకొకరిని ఆ ఇంటికి పంపండి. అపాయం ఎదుటే ఉంటే 108కి ఫోన్ చేయండి. పల్లెటూరి ఇంట్లో పురుగుమందు డబ్బా అందుబాటులో లేకుండా చేయాలి. బ్యాంకు కాపలా ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకీ తీసుకున్న మాజీ సైనికులు మనలో చాలామంది ఉన్నారు, ఆ తుపాకీని కొంతకాలం పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయమని ఇంటివారితో కలిసి ఒప్పించండి. కేసు పెడతారేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి వారికి సంరక్షణ ఇవ్వాలని నేను పైన చెప్పిన చట్టమే అంటోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. సైనికుల కోసం దానికి ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో తెరిచారు.

పొద్దున్న మామూలుగా మాట్లాడాడని రాశారు. అది చూసి ఊరుకోకండి, ఈ రోజే అడగండి. ఆ తరువాత నెలలే ముఖ్యం. జెరోమ్ మోటో అనే అమెరికన్ మానసిక వైద్యుడు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు, అక్కడ ఉండగా తనకు వచ్చిన ఉత్తరాలు తనను నిలబెట్టాయని గుర్తుపెట్టుకున్నవాడు. ఆసుపత్రి నుంచి వెళ్లిపోయి తదుపరి వైద్యానికి ఒప్పుకోని వారిలో సగం మందికి ఆయన బృందం ఏళ్ల తరబడి చిన్న చిన్న ఉత్తరాలు రాసింది. వాటిలో సలహాలు లేవు, ప్రశ్నలు లేవు, ‘మీరు గుర్తున్నారు, కులాసాగా ఉన్నారని తలుస్తాం’ అన్నంతే. 2001లో వెలువడిన తుది ఫలితాలను బట్టి, ఉత్తరాలు అందుకున్నవారిలో మొదటి రెండేళ్లలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయి. మీరు వాట్సాప్‌లో రాయవచ్చు. అందరికీ పంపే శుభోదయం పువ్వు బొమ్మ మాత్రం పంపకండి, అతని పేరు పెట్టి రెండు మాటలు రాయండి. జవాబు రాకపోయినా వచ్చే వారం మళ్లీ రాయండి.